వేర్వేరు డాకర్ ఇంజిన్ వెర్షన్ల మీద ఇంటిగ్రేషన్ టెస్టులను ఆటోమేట్ చేయడానికి సమగ్ర మార్గదర్శి

మిర్యాలగూడ బియ్యం మిల్లులో ధర్మకాంటా బరువులను నమోదు చేసే ప్రోగ్రాం కావచ్చు, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోని మందుల కర్మాగారంలో ల్యాబ్ రికార్డులను భద్రపరిచేది కావచ్చు, అది నడిచేది వినియోగదారుడి ఆవరణలో ఉన్న కంప్యూటర్ మీద. అందులో డాకర్ ఇంజిన్‌ను (ప్రోగ్రాంలను కంటైనర్లనే విడివిడి పెట్టెలలో నడిపించే సాఫ్ట్‌వేర్‌ను) ఎవరో ఒకసారి ఇన్‌స్టాల్ చేసి వెళ్లి ఉంటారు, ఆ తర్వాత దాని జోలికి ఎవరూ పోరు. యాసంగి ధాన్యం లారీలు గేటు ముందు బారులు తీరిన రోజుల్లో ఇంజిన్‌ను అప్‌గ్రేడ్ చేస్తామంటే మిల్లు యజమాని ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడం న్యాయమే. కనుక నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కూర్చుని ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసే బృందం ముందుగా అంగీకరించాల్సిన విషయం ఏమిటంటే, ఇంజిన్ వెర్షన్‌ను నిర్ణయించే అధికారం తనకు లేదు. ఏ వెర్షన్ ఎదురైనా తన ప్రోగ్రాం నిలబడుతుందని ముందే రుజువు చేసుకునే బాధ్యత మాత్రం తనదే.

ఆ రుజువును మనిషి చేతితో కాక యంత్రంతో, ప్రతి మార్పు తర్వాతా తీసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. ఇంటిగ్రేషన్ టెస్టుల, అంటే ప్రోగ్రాం ఇంజిన్‌తో కలిసి సరిగ్గా పనిచేస్తుందా అని చూసే పరీక్షల, సమితి ఒక్కటే ఉంటుంది. ఇంజిన్ వెర్షన్ దానికి బయటి నుంచి అందించే విలువ అవుతుంది. ప్రతి వెర్షన్‌కూ ఒక కొత్త ఇంజిన్‌ను లేపి, పరీక్షలు ముగియగానే దాన్ని పూర్తిగా తొలగిస్తాము. ఉదాహరణకు డాకర్ ఏపీఐ (ఇతర ప్రోగ్రాంలు ఇంజిన్‌కు ఆదేశాలిచ్చే మార్గం) ద్వారా బరువులు చదివే కంటైనర్‌ను, డేటాబేస్ కంటైనర్‌ను నడిపించి, కరెంటు పోయి వచ్చాక వాటిని మళ్లీ నిలబెట్టే ఒక మేనేజర్ ప్రోగ్రాంను ఊహించుకుందాం.

1. ఏ వెర్షన్లను పరీక్షించాలో తేల్చడం

ఈ జాబితాను ఊహతో రాయకూడదు. మీ ప్రోగ్రాం నడుస్తున్న ప్రతి కంప్యూటర్ నుంచి సర్వర్ వెర్షన్, ఏపీఐ వెర్షన్, స్టోరేజ్ డ్రైవర్ (కంటైనర్ల ఫైళ్లను డిస్క్‌లో ఉంచే భాగం), సీగ్రూప్ (కంటైనర్ల మెమరీ, ప్రాసెసర్ వాడకానికి హద్దులు పెట్టే లినక్స్ సౌకర్యం) వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ అనే ఐదు వివరాలను సేకరించండి. డాకర్ వెర్షన్, డాకర్ ఇన్ఫో అనే రెండు ఆదేశాలు వీటన్నిటినీ ఇస్తాయి. మేనేజర్ ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ ఈ వివరాలను తన లాగ్‌లో తానే రాసుకునేలా చేస్తే, సర్వీసుకు వెళ్లిన మనిషి విడిగా అడిగి తెలుసుకోవలసిన పని ఉండదు.

తర్వాత, ఇంజిన్ ప్రవర్తన నిజంగా మారిన సరిహద్దులను గుర్తించాలి, ఎందుకంటే తప్పులు దొరికేది ఎక్కువగా ఆ సరిహద్దుల దగ్గరే. 2020 డిసెంబర్‌లో వచ్చిన 20.10తో సీగ్రూప్ రెండో వెర్షన్‌కు మద్దతు వచ్చింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 23.0తో లినక్స్‌లో ఇమేజ్ (కంటైనర్‌ను పుట్టించే మూస) నిర్మాణం అప్రమేయంగా బిల్డ్‌కిట్ అనే సాధనానికి మారింది. ఏయూఎఫ్ఎస్ స్టోరేజ్ డ్రైవర్‌ను 24.0లోనూ, డివైస్‌మ్యాపర్‌ను 25.0లోనూ తొలగించారు. 2024 జనవరిలో వచ్చిన 25.0 ఏపీఐ వెర్షన్ 1.44, ఆ వెర్షన్ నుంచి ఇమేజ్ వివరాలలో వర్చువల్‌సైజ్ అనే ఫీల్డ్ కనిపించదు, దాన్ని చదివి డిస్క్ ఖాళీని లెక్కగట్టే కోడ్ ఏ హెచ్చరికా లేకుండా సున్నా చూపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 28.0, బయటికి ప్రచురించని కంటైనర్ పోర్టులను అదే లోకల్ నెట్‌వర్క్‌లోని ఇతర కంప్యూటర్లు నేరుగా చేరకుండా అడ్డుకుంటుంది. 2025 నవంబర్‌లో వచ్చిన 29.0 ఇంజిన్ 1.44 కన్నా పాత ఏపీఐతో మాట్లాడే క్లయింట్‌ను, అంటే ఇంజిన్‌ను వాడుకునే ప్రోగ్రాంను, అప్రమేయంగా తిరస్కరిస్తుంది. ఏపీఐ సంఖ్యను కోడ్‌లో స్థిరంగా రాసుకున్న ప్రోగ్రాంలు దీనివల్ల ఒక్కసారిగా ఆగిపోతాయి.

సరిహద్దు కొన్నిసార్లు ప్యాచ్ సంఖ్యలో, అంటే వెర్షన్ చివరి భాగంలో, దాగి ఉంటుంది. 20.10.10కు ముందున్న ఇంజిన్ల సెకాంప్ నియమాలు (కంటైనర్‌కు ఏ సిస్టమ్ కాల్స్ అనుమతించాలో తేల్చేవి) క్లోన్3 అనే సిస్టమ్ కాల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్రోగ్రాం చేసే అభ్యర్థనను, అనుమతి లేదంటూ తిప్పికొట్టేవి. అలాంటి కాల్ అసలు లేదని జవాబిచ్చి ఉంటే జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాంలు ఆధారపడే మూల లైబ్రరీ) పాత మార్గానికి మళ్లేది, కానీ అనుమతి లేదనే జవాబుతో అది అక్కడే ఆగిపోతుంది. ఫలితంగా జీలిబ్‌సీ 2.34 లేదా అంతకన్నా కొత్తది ఉన్న ఇమేజ్‌లలో, అంటే ఉబుంటు 22.04 మీద కట్టిన ఇమేజ్‌లలో కూడా, ప్రోగ్రాంలు కొత్త త్రెడ్‌ను సృష్టించలేక పడిపోతాయి. మీ ఇమేజ్‌కు ఆధారంగా ఉన్న డిస్ట్రిబ్యూషన్‌ను మార్చిన రోజే పాత ఇంజిన్ ఉన్న మిల్లులో పని ఆగుతుందన్నమాట, మీ కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా సరే. అందుకే ఫీల్డ్‌లో, అంటే వినియోగదారుల కంప్యూటర్లలో, 20.10.9 ఉంటే జాబితాలో 20.10 అని కాదు, 20.10.9 అనే రాయాలి.

నా సూచన ఇది: ఫీల్డ్‌లో ఉన్న ప్రతి వెర్షన్‌నూ ప్యాచ్ సంఖ్యతో సహా పెట్టండి, దానికి తాజా విడుదలను ఒకటి జోడించండి. మధ్యలో ఎవరూ వాడని వెర్షన్లను సంపూర్ణత కోసం చేర్చవద్దు. అవి సమయాన్ని తింటాయి, ఎవరికీ భరోసా ఇవ్వవు. జాబితాను యామల్ (సెట్టింగులు రాసే ఒక టెక్స్ట్ రూపం) ఫైల్‌లో రాసేటప్పుడు ప్రతి వెర్షన్‌నూ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి, లేకపోతే 20.10 అనేది దశాంశ సంఖ్యగా మారి 20.1 అయిపోతుంది.

2. డాకర్‌లో డాకరా, వర్చువల్ మెషీనా

ఒకే కంప్యూటర్ మీద అనేక ఇంజిన్ వెర్షన్లను లేపడానికి సులువైన మార్గం డాకర్‌లోనే డాకర్‌ను నడపడం. డాకర్ అధికారిక ఇమేజ్‌లలో ప్రతి వెర్షన్‌కూ డిండ్ (డాకర్ ఇన్ డాకర్) అనే చివరితో ఒక ట్యాగ్ ఉంటుంది. పాత ప్యాచ్ సంఖ్యల ట్యాగ్‌లు కూడా దొరుకుతాయి. ఇంజిన్ కొద్ది క్షణాలలో లేస్తుంది, కంటైనర్‌ను తీసేస్తే దానితో పాటే పోతుంది. పరీక్షలలో అధిక భాగానికి ఇదే చాలు.

అయితే లోపలి ఇంజిన్‌కు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మాత్రం బయటి కంప్యూటర్‌దే. ఉబుంటు 22.04 అప్రమేయంగా సీగ్రూప్ రెండో వెర్షన్‌తో నడుస్తుంది, 19.03, అంతకన్నా పాత ఇంజిన్లకు అది తెలియదు కనుక వాటిలో కంటైనర్లు మొదలు కావు. అలాంటి ఇంజిన్ ఇంకా ఫీల్డ్‌లో ఉంటే దానికొక వర్చువల్ మెషీన్ కట్టి, సిస్టమ్‌డీ యూనిఫైడ్ సీగ్రూప్ హైరార్కీ అనే కెర్నల్ పారామీటర్‌ను సున్నా చేసి, అందులో పరీక్షించాలి. కెర్నల్ మీద, ఫైర్‌వాల్ మీద, సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టే భాగం) మీద ఆధారపడిన పరీక్షలకూ వర్చువల్ మెషీనే సరైన చోటు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. డిండ్ కంటైనర్‌ను ప్రివిలేజ్డ్ ఎంపికతో నడపాలి, అంటే దానికి బయటి కంప్యూటర్ మీద దాదాపు రూట్ అధికారం ఉన్నట్టే. దీన్ని వినియోగదారుల డేటా ఉన్న సర్వర్ మీద ఎన్నడూ నడపకండి. ఆఫీసులో ఒక పాత డెస్క్‌టాప్‌ను ఈ పనికే కేటాయించడం మేలు.

3. ఒక ఇంజిన్‌ను చేతితో లేపి చూడడం

ఆటోమేషన్‌కు ముందు ఒక్క వెర్షన్‌తో మొత్తం క్రమాన్ని చేతితో నడిపి అర్థం చేసుకోండి. ముందుగా ఈ పరుగుకు, అంటే ఈ ఒక్కసారి పరీక్షలు నడపడానికి, మాత్రమే చెందిన ఒక నెట్‌వర్క్‌ను, సర్టిఫికెట్ల కోసం ఒక వాల్యూమ్‌ను (కంటైనర్లు పంచుకోగల నిల్వ స్థలాన్ని) సృష్టించండి. ఆ తర్వాత 24.0.7 డిండ్ ఇమేజ్‌ను ప్రివిలేజ్డ్ ఎంపికతో, ఆ నెట్‌వర్క్‌లో డాకర్ అనే మారుపేరుతో, సర్టిఫికెట్ల వాల్యూమ్‌ను /సర్ట్స్/క్లయింట్ వద్ద కలిపి నడపండి. డాకర్ అనే మారుపేరునే ఎందుకు వాడాలంటే, ఇంజిన్ మొదలైనప్పుడు తానే తయారుచేసుకునే సర్టిఫికెట్‌లో ఆ పేరు ముందే ఉంటుంది. వేరే పేరు పెడితే టీఎల్ఎస్ (సర్టిఫికెట్లతో సంభాషణకు భద్రత కల్పించే పద్ధతి) పేరు సరిపోలక తిరస్కరిస్తుంది. టీఎల్ఎస్ ఉన్నప్పుడు ఇంజిన్ 2376 పోర్టు మీద, లేనప్పుడు 2375 మీద వింటుంది. పరీక్షే కదా అని టీఎల్ఎస్‌ను తీసేయకండి, ఎందుకంటే ప్రివిలేజ్డ్ ఇంజిన్‌ను తాళం లేని పోర్టు మీద తెరవడం మంచి అలవాటు కాదు.

కంటైనర్ లేచినంత మాత్రాన ఇంజిన్ సిద్ధమైనట్టు కాదు. స్థిరంగా పది సెకన్లు ఆగమని రాయడం కన్నా, డాకర్ ఇన్ఫో విజయవంతం అయ్యేదాకా సెకనుకు ఒకసారి అడుగుతూ, ఒక గడువు దాటితే ఇంజిన్ లాగ్‌ను చూపించి విఫలమయ్యే చిన్న లూప్ రాయండి.

సిద్ధమయ్యాక డాకర్ ఇన్ఫోలో స్టోరేజ్ డ్రైవర్‌ను ఒకసారి చూడండి. మామూలుగా అది ఓవర్‌లే2 అని ఉండాలి, 29లో కంటైనర్‌డీ ఇమేజ్ స్టోర్ (ఇమేజ్‌లను దాచే కొత్త విధానం) ఉన్నప్పుడు ఓవర్‌లేఎఫ్ఎస్ అని కనిపిస్తుంది. వీఎఫ్ఎస్ అని కనిపిస్తే ప్రతి పొరా పూర్తి కాపీ అవుతుంది, పరీక్షలు నత్తనడకన సాగుతాయి. పాత డిండ్ ఇమేజ్‌లలో ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్ సాధనం) పాత రకానిది. బయటి కంప్యూటర్‌లో ఐపీ_టేబుల్స్ కెర్నల్ మాడ్యూల్ లోడ్ కాకపోతే ఇంజిన్ నెట్‌వర్క్ దగ్గర ఆగిపోతుంది. మోడ్‌ప్రోబ్‌తో దాన్ని ముందే లోడ్ చేసి ఉంచండి.

4. పరీక్షలను ఆ ఇంజిన్‌కు అనుసంధించడం

టెస్ట్ రన్నర్‌ను (పరీక్షలను నడిపే ప్రోగ్రాంను) కూడా ఒక కంటైనర్‌గా అదే నెట్‌వర్క్‌లో నడపండి. దానికి మూడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కావాలి: డాకర్_హోస్ట్‌లో ఇంజిన్ చిరునామా, డాకర్_టీఎల్ఎస్_వెరిఫైలో ఒకటి, డాకర్_సర్ట్_పాత్‌లో సర్టిఫికెట్లున్న దారి.

ఈ మొత్తం పద్ధతిలో నేను అన్నిటికన్నా ముఖ్యంగా భావించే పరీక్ష ఇక్కడే రాయాలి. రన్నర్‌ను సౌలభ్యం కోసం నేరుగా బయటి కంప్యూటర్ మీద నడిపినా, బయటి సాకెట్‌ను (బయటి కంప్యూటర్‌లోని ఇంజిన్‌తో మాట్లాడే ద్వారాన్ని) దానికి అందించినా, డాకర్_హోస్ట్ విలువ ఏ కారణం చేతనో అందకపోతే క్లయింట్ ఫిర్యాదు చేయదు. చుట్టుపక్కల కనిపించే స్థానిక సాకెట్‌ను మౌనంగా పట్టుకుంటుంది. అప్పుడు, మీ జాబితాలో ఎనిమిది వెర్షన్లు ఉన్నాయనుకుంటే, ఆ పరీక్షలన్నీ ఒకే ఇంజిన్ మీద ఎనిమిది సార్లు నడిచి, అన్నీ పచ్చగా కనిపిస్తాయి. ఇలాంటి ఫలితం పరీక్ష లేకపోవడం కన్నా హానికరం, ఎందుకంటే దాన్ని నమ్మి మీరు మిల్లుకు ఇమేజ్ పంపుతారు. కాబట్టి సమితిలో మొట్టమొదటి పరీక్ష, సర్వర్ చెప్పే వెర్షన్ మనం ఆశించిన వెర్షన్‌తో అక్షరాలా సరిపోలుతుందా అని అడగాలి. సరిపోలకపోతే మిగతా పరీక్షలను మొదలుపెట్టకుండా ఆపేయాలి. అదే సమయంలో ఆ ఐదు వివరాలను లాగ్ మొదట్లో రాయించండి.

తర్వాతి చిక్కు దారులది. రన్నర్ ఒక తాత్కాలిక డైరెక్టరీని సృష్టించి దాన్ని కంటైనర్‌కు బైండ్ మౌంట్‌గా (బయటి డైరెక్టరీ కంటైనర్ లోపల కనిపించేలా) ఇమ్మంటే, ఇంజిన్ ఆ దారిని తన సొంత ఫైల్ సిస్టమ్‌లో వెతుకుతుంది, రన్నర్‌లో కాదు. వాల్యూమ్ ఎంపికతో అడిగితే అక్కడ లేని డైరెక్టరీని ఖాళీగా సృష్టించి ముందుకు పోతుంది, కంటైనర్‌కు ఖాళీ డైరెక్టరీ కనిపిస్తుంది. మౌంట్ ఎంపికతో అడిగితే దారి లేదని స్పష్టంగా ఆగుతుంది. అందుకే రెండో రూపాన్నే వాడండి. పరిష్కారం ఏమిటంటే, ఒక వాల్యూమ్‌ను రన్నర్‌కూ డిండ్ కంటైనర్‌కూ ఒకే దారి మీద కలిపి, తాత్కాలిక ఫైళ్లన్నిటినీ అందులోనే పెట్టడం.

పోర్టుల సంగతీ ఇంతే. లోపలి ఇంజిన్ ప్రచురించిన పోర్టు డిండ్ కంటైనర్ చిరునామా మీద తెరుచుకుంటుంది కనుక, లోకల్‌హోస్ట్ అని కోడ్‌లో రాసి ఉంచిన పరీక్షలన్నీ విఫలమవుతాయి. హోస్ట్ పేరును డాకర్_హోస్ట్ విలువ నుంచి తీసుకునే ఒక చిన్న ఫంక్షన్ రాసి, అన్ని పరీక్షలూ దాన్నే పిలిచేలా చేయండి.

5. ఏం పరీక్షించాలి

ఇంజిన్‌ను పరీక్షించడం మీ పని కాదు; మీ ప్రోగ్రాం ఇంజిన్‌తో మాట్లాడే చోట్లను పరీక్షించడమే పని. మేనేజర్ పిలిచే ఏపీఐ కాల్స్‌ను జాబితా రాసుకుని, ఒక్కొక్కదానికి కనీసం ఒక పరీక్ష ఉండేలా చూడండి. ఫలితాన్ని మనుషుల కోసం ముద్రించే వాక్యాలతో పోల్చవద్దు, అవి వెర్షన్ వెర్షన్‌కూ మారుతుంటాయి. స్టేటస్ కోడ్‌ను, జేసన్‌లోని విలువను, కంటైనర్ నిష్క్రమణ సంఖ్యను పోల్చండి.

క్లయింట్ లైబ్రరీలో ఏపీఐ వెర్షన్‌ను సంఖ్యగా బిగించకుండా, సర్వర్‌ను అడిగి ఇద్దరికీ తెలిసిన వెర్షన్‌కు ఒప్పందం కుదుర్చుకునే సౌకర్యాన్ని వాడుతున్నారా అన్నది ప్రత్యేకంగా పరీక్షించాలి. డాకర్_ఏపీఐ_వెర్షన్ అనే వేరియబుల్ ఎక్కడైనా పెట్టి ఉంటే ఈ ఒప్పందం జరగదు, కనుక రన్నర్‌లో అది ఖాళీగా ఉందని కూడా సరిచూడండి. ఏదైనా పరీక్షను పాత ఇంజిన్‌లో వదిలేయాల్సి వస్తే ఏపీఐ వెర్షన్ ఆధారంగా, కారణం రాసి వదిలేయండి. ఆ పోలికలో 1.9, 1.44లను దశాంశ సంఖ్యలుగా చూస్తే 1.9 పెద్దదవుతుంది, చుక్కకు రెండు పక్కలా ఉన్న భాగాలను విడివిడిగా పోల్చాలి.

మన ప్రాంతంలోని వినియోగదారులకు ముఖ్యమైన పరీక్ష, కరెంటు పోయి వచ్చిన తర్వాత ఏం జరుగుతుందన్నది. దీనికి డిండ్ కంటైనర్‌ను స్టాప్‌తో కాక కిల్‌తో ఆపండి. అప్పుడు ఇంజిన్‌కూ లోపలి కంటైనర్లకూ సర్దుకునే వ్యవధి దొరకదు. దాన్ని మళ్లీ మొదలుపెట్టి, రీస్టార్ట్ విధానం ఉన్న కంటైనర్లు గడువులోపు లేచాయా, చివరిగా నమోదైన బరువు డేటాబేస్‌లో ఉందా అని చూడండి. ఒక పరిమితి గుర్తుంచుకోవాలి: ఇక్కడ కెర్నల్ బతికే ఉంటుంది కనుక డిస్క్‌కు ఇంకా చేరని డేటా కూడా నిలుస్తుంది. నిజంగా కరెంటు తీసిన స్థితి కావాలంటే వర్చువల్ మెషీన్‌ను బలవంతంగా ఆపేసి పరీక్షించాలి.

6. ఇమేజ్‌లను ప్రతి ఇంజిన్‌కూ అందించడం

కొత్తగా పుట్టిన ఇంజిన్‌లో ఏ ఇమేజ్ ఉండదు. మీ ఇమేజ్‌ను ప్రతి వెర్షన్‌లోనూ మళ్లీ నిర్మించకండి. వినియోగదారుడికి చేరేది ఒకే ఇమేజ్ కనుక, ఒకసారి నిర్మించి, డాకర్ సేవ్‌తో ఫైల్‌గా తీసి, ప్రతి ఇంజిన్‌లోనూ డాకర్ లోడ్‌తో ఎక్కించండి. 25.0 నుంచి సేవ్ ఆదేశం ఓసీఐ (కంటైనర్ ఇమేజ్‌లకు ఉమ్మడి ప్రమాణం) రూపానికి అనుగుణమైన ఫైల్‌ను ఇస్తుంది, కనుక కొత్త ఇంజిన్ తీసిన ఫైల్‌ను మీ జాబితాలోని అతి పాత ఇంజిన్ చదవగలుగుతుందా అన్నదీ ఈ దశలోనే తేలిపోతుంది.

డేటాబేస్ వంటి ఇతరుల ఇమేజ్‌ల కోసం ఆఫీసులోనే ఒక రిజిస్ట్రీ మిర్రర్ (ఒకసారి దించిన ఇమేజ్‌లను దాచి మళ్లీ అందించే సర్వర్) పెట్టి, దాని చిరునామాను రిజిస్ట్రీ మిర్రర్ ఎంపికతో ఇంజిన్‌కు ఇవ్వండి. డాకర్ హబ్ 2020 నవంబర్ నుంచి డౌన్‌లోడ్‌ల మీద పరిమితులు అమలు చేస్తోంది. ప్రతి రాత్రీ ప్రతి వెర్షన్‌కూ అవే ఇమేజ్‌లను లాగితే ఆ పరిమితి త్వరగా నిండుతుంది, బ్యాండ్‌విడ్త్ కూడా వృథా అవుతుంది.

సమయం ఆదా చేయాలని /వార్/లిబ్/డాకర్‌ను రెండు వెర్షన్ల మధ్య పంచవద్దు. రెండు ఇంజిన్లు ఒకేసారి ఆ డైరెక్టరీలో రాస్తే అది పాడైపోతుంది. దీనికి ఒకే ఒక సందర్భం మినహాయింపు: అప్‌గ్రేడ్ పరీక్ష. 24.0తో పేరున్న వాల్యూమ్ మీద కంటైనర్లను నిలబెట్టి, ఆ ఇంజిన్‌ను పూర్తిగా ఆపి, అదే వాల్యూమ్‌తో 28ను లేపి, బరువుల డేటా అలాగే ఉందో లేదో చూడడం చాలా విలువైన పరీక్ష.

7. ఒకే స్క్రిప్టుగా కూర్చడం

ఇప్పటిదాకా చేసినదంతా వెర్షన్‌ను ఏకైక ఆర్గ్యుమెంట్‌గా తీసుకునే ఒక షెల్ స్క్రిప్టులోకి రావాలి. నెట్‌వర్క్, వాల్యూమ్, కంటైనర్ పేర్లన్నిటిలో వెర్షన్‌ను, పరుగు సంఖ్యను కలపండి, అప్పుడే రెండు వెర్షన్లు పక్కపక్కన నడిచినా ఢీకొనవు. స్క్రిప్టు మొదట్లోనే ట్రాప్ పెట్టి, పరీక్షలు నెగ్గినా, ఓడినా, మధ్యలో ఆపినా శుభ్రపరిచే ఫంక్షన్ నడిచేలా చూడండి. ఆ ఫంక్షన్ ముందుగా పరీక్షల నిష్క్రమణ సంఖ్యను దాచుకోవాలి, తర్వాత ఇంజిన్ లాగ్‌ను ఫైల్‌లోకి తీయాలి, ఆ తర్వాతే కంటైనర్‌ను తొలగించాలి, చివరికి దాచిన సంఖ్యతోనే ముగియాలి. ఈ క్రమం తప్పితే శుభ్రపరచడం విజయవంతమైందన్న సంఖ్య బయటికి వెళ్లి, ఓడిన పరీక్ష నెగ్గినట్టు నమోదవుతుంది. కంటైనర్‌ను తొలగించేటప్పుడు దాని వాల్యూమ్‌లను కూడా తీసే ఎంపికను ఇవ్వండి, లేకపోతే పేరు లేని వాల్యూమ్‌లు పేరుకుపోయి డిస్క్ నిండుతుంది.

8. సీఐలో మ్యాట్రిక్స్

స్క్రిప్టు డెస్క్‌టాప్ మీద సరిగ్గా నడిచాక సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ పరీక్షలను తానే నడిపే వ్యవస్థలో) మిగిలే పని తక్కువ. గిట్‌హబ్ యాక్షన్స్‌లో మ్యాట్రిక్స్ (ఒకే జాబ్‌ను జాబితాలోని ప్రతి విలువకూ నడిపే సౌకర్యం) కింద వెర్షన్ల జాబితా రాసి, ప్రతి జాబ్‌లో స్క్రిప్టును ఆ వెర్షన్‌తో పిలవండి. ఫెయిల్ ఫాస్ట్ అప్రమేయంగా ఆన్‌లో ఉంటుంది, దాన్ని తప్పక ఆపండి: ఒక వెర్షన్ ఓడగానే మిగతావి రద్దయితే, తప్పు ఆ ఒక్క ఇంజిన్‌దా, అన్నిటిదా అన్న ముఖ్యమైన సమాచారం పోతుంది. గిట్‌ల్యాబ్‌లో ప్యారలల్ మ్యాట్రిక్స్‌తో, జెంకిన్స్‌లో డిక్లరేటివ్ మ్యాట్రిక్స్‌తో ఇదే పని చేయవచ్చు. సొంత గిట్‌ల్యాబ్ రన్నర్ అయితే దాని కాన్ఫిగరేషన్‌లో ప్రివిలేజ్డ్‌ను అనుమతించాలి. సొంత కంప్యూటర్ మీద నడిపేటప్పుడు ఒకేసారి నడిచే జాబ్‌ల సంఖ్యకు హద్దు పెట్టండి, మెమరీ చాలక ఓడిన పరీక్ష ఇంజిన్ తేడాలా కనిపించి దారి తప్పిస్తుంది.

ప్రతి కోడ్ మార్పుకూ అతి పాతది, అతి కొత్తది అనే రెండు వెర్షన్లు చాలు. పూర్తి జాబితా ప్రతి రాత్రీ, ప్రతి విడుదలకు ముందూ నడవాలి. 29ను మాత్రం రెండు రూపాలలో పెట్టండి: కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన 29 అప్రమేయంగా కంటైనర్‌డీ ఇమేజ్ స్టోర్‌ను వాడుతుంది, పాత ఇంజిన్ నుంచి అప్‌గ్రేడ్ అయినది పాత స్టోర్‌తోనే కొనసాగుతుంది. ఫీల్డ్‌లో మీకు రెండూ ఎదురవుతాయి. డీమన్ (నేపథ్యంలో నడిచే ఇంజిన్ ప్రోగ్రాం) కాన్ఫిగరేషన్‌లోని ఫీచర్స్ కింద కంటైనర్‌డీ స్నాప్‌షాటర్ విలువను మార్చి రెండో రూపాన్ని పొందవచ్చు.

9. ఓటమిని చదవడం, జాబితాను కాపాడుకోవడం

అన్ని వెర్షన్లూ ఓడితే ముందు మీ కోడ్‌ను చూడండి. పాతవన్నీ ఓడి కొత్తవి నెగ్గితే ఆధార ఇమేజ్‌ను, సెకాంప్‌ను అనుమానించండి. కొత్తవి మాత్రమే ఓడితే ఏపీఐ కనీస వెర్షన్‌ను, తొలగిన ఫీల్డ్‌లను వెతకండి. ఒకే వెర్షన్ ఒక రాత్రి ఓడి మరో రాత్రి నెగ్గుతుంటే, పరీక్షను మళ్లీ మళ్లీ నడిపి పచ్చగా చేసుకోవడం కన్నా ఇంజిన్ లాగ్‌ను మొదటి వరుస నుంచి చదవడం మంచిది. అస్థిరమైన పరీక్షను భరించడం అలవాటైతే, నిజమైన ఓటమి వచ్చిన రోజు దాన్ని కూడా ఎవరూ పట్టించుకోరు.

కొత్త ఇంజిన్ విడుదలైనప్పుడు దాన్ని జాబితాలో వెంటనే చేర్చండి, కానీ మొదటి కొన్ని వారాలు దాని ఓటమి విడుదలను ఆపకుండా, కేవలం తెలియజేసేలా ఉంచండి. పాత వెర్షన్‌ను తీసేయడానికి దాని మద్దతు గడువు ముగియడం ఒక్కటే కారణం కాకూడదు. ఫీల్డ్ లాగ్‌లలో ఆ వెర్షన్ చివరి కంప్యూటర్ నుంచి కూడా మాయమైందని చూసిన తర్వాతే, ఆ తేదీని, ఆ కంప్యూటర్ ఏ వెర్షన్‌కు మారిందన్న సంగతిని కమిట్ సందేశంలో రాసి, జాబితాలోని ఆ వరుసను తొలగించండి.